ఏడు చేపలు, ఏడుగురు కొడుకులు: కథలోనే లెక్క నేర్పడం ఎలా

ఒకటో తరగతి టైంటేబుల్లో తెలుగుకు ఒక పీరియడు, లెక్కలకు మరో పీరియడు ఉంటాయి. అది పెద్దల సౌకర్యం కోసం గీసుకున్న గీత. "తమ్ముడికంటే నాకు చిన్న ముక్క ఇచ్చావు" అని గొడవపడే ఐదేళ్ళ పిల్లకు ఆ గీత సంగతి తెలియదు. ఆ ఒక్క వాక్యంలో పోలిక ఉంది, కొలత ఉంది, వాదన ఉంది, వ్యాకరణం ఉంది.

నా ఉద్యోగమంతా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఒకటి, రెండు తరగతులతోనే గడిచింది. లెక్క రావడం లేదని తల్లిదండ్రులు బెంగపడిన పిల్లల్లో చాలామందికి కూడిక వచ్చు. లెక్కలో ఉన్న వాక్యమే అర్థం కాదు. "రవి దగ్గర కంటే సీత దగ్గర రెండు ఎక్కువ ఉన్నాయి" అనగానే ఎవరి దగ్గర ఎక్కువో తేల్చుకోలేక, లెక్కలో కనిపించిన అంకెలన్నిటినీ కూడేస్తారు. కేంద్రం 2021 జూలైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్‌లోనూ, తెలంగాణ 2022లో తెచ్చిన తొలిమెట్టులోనూ చదవడం, లెక్క ఒకే కార్యక్రమంలో ఉన్నాయి. మంచిదే. కాకపోతే కాగితం మీద పక్కపక్కన ఉన్నవి పిల్ల నోట్లో కలవాలంటే ఏ రోజు ఏం చేయాలో ఎవరో ఒకరు చెప్పాలి. మూడు నుంచి ఏడేళ్ళ పిల్లలున్న ఇళ్ళకూ, అంగన్‌వాడీ టీచర్లకూ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. కొనాల్సిన వస్తువు ఒక్కటి కూడా లేదు.

ముందు పిల్ల ఎక్కడుందో చూసుకోండి

పిల్ల యాభై వరకు గడగడా చెబుతోందని మురిసిపోయే ముందు ఒక గిన్నెలో పదిహేను చింతగింజలు పోసి, "నాకు ఐదు ఇవ్వు తల్లీ" అనండి. గుప్పెడు తీసి మీ చేతిలో పోసిందనుకోండి, ఆ యాభై నోటికి వచ్చిందే తప్ప ఐదు అంటే ఎంతో ఇంకా తెలియలేదన్నమాట. ఒక్కో గింజకు ఒక్కో మాట చెబుతూ ఐదు దగ్గర ఆగితే సంతోషం. తరువాత వెంటనే "మొత్తం ఎన్ని ఉన్నాయి?" అని అడగండి. కొందరు పిల్లలు మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెడతారు. చివర పలికిన మాటే మొత్తం గుంపుకు పేరని వాళ్ళకు ఇంకా తట్టలేదు. అప్పటివరకు కూడికలు, తీసివేతలు పెట్టకండి. ఐదు లోపలే తిప్పుతూ ఉండండి.

మూడేళ్ళు నిండని పిల్లలున్న ఇంట్లో చింతగింజలు వద్దు. ముక్కులో పెట్టుకుంటారు, మింగుతారు. నిమ్మకాయలు, ఉల్లిపాయలు, చెంచాలు చాలు.

ఒక్క కథ, పది రోజులు

ఏడు చేపల కథ తెలియని తెలుగు ఇల్లు ఉండదు. అనగనగా ఒక రాజు, రాజుకు ఏడుగురు కొడుకులు, వాళ్ళు వేటకు వెళ్ళి ఏడు చేపలు తెచ్చారు, ఎండబెట్టారు, అందులో ఒక చేప ఎండలేదు. మన పూర్వులు తెలిసే పెట్టారో తెలియక పెట్టారో గాని, చిన్నపిల్లలకు కావలసిన గణితం సగం అందులో ఉంది. నేను తరగతిలో దీన్ని పది రోజులపాటు నడిపేదాన్ని. ఇంట్లో కూడా అలాగే నడపవచ్చు.

మొదటి రెండు రోజులు కథ చెప్పడం తప్ప ఏమీ చేయకండి. "ఎన్ని చేపలు? చెప్పు చెప్పు" అని మధ్యలో ఆపితే కథ చచ్చిపోతుంది. పిల్ల తనంతట తానే "గడ్డిమేటా గడ్డిమేటా, ఎందుకు అడ్డం వచ్చావు?" అని మీతో కలిసి అనడం మొదలుపెట్టాక మూడో రోజు గింజలు తీయండి. నేల మీద సుద్దముక్కతో ఏడుగురు కొడుకుల బొమ్మలు గీసి, ఒక్కొక్కరి ముందు ఒక్కో గింజ పెట్టించండి. గింజే చేప. "తలా ఒకటి వచ్చిందా? ఎవరికైనా రాలేదా?" అని అడగండి. ఒకరికి ఒకటి చొప్పున జత కలపడం లెక్కపెట్టడానికి పునాది. ఇక్కడ తొందరపడకండి.

నాలుగో రోజు ఒక గింజను పక్కకు జరిపి "ఇది ఎండలేదు. మరి ఎండినవి ఎన్ని?" అనండి. పిల్ల ఆరు అంటుంది. ఊరుకోకండి, "నీకెలా తెలిసింది?" అని అడగండి. ఈ ప్రశ్న నాకు అన్నిటికంటే ఇష్టం. "లెక్కపెట్టాను" అంటే ఒక రకం. "ఏడులో ఒకటి పోయింది కదా" అంటే ఇంకో మెట్టు. "ఏడుకు ముందు ఆరు ఉంటుంది కదా" అంటే ఆ పిల్ల సంఖ్యల వరుసనే వాడుకుంటోంది. జవాబు ఆరు అని అందరూ చెబుతారు. ఎలా చెప్పారన్న వాక్యం దగ్గరే లెక్క, భాష రెండూ ఎదుగుతాయి. మొదట్లో మాటలు దొరకక పిల్ల తడబడుతుంది. మాట అందించండి గాని వాక్యం మీరు పూర్తి చేయకండి.

తరువాతి రోజుల్లో కథను కాస్త మార్చండి. రెండు చేపలు ఎండలేదనండి. ఒక కొడుకు ఉత్త చేతులతో వచ్చాడనండి. తలా రెండేసి తెచ్చారనండి. చిన్నపిల్లలు కథ మారిస్తే ఒప్పుకోరు, "కాదు, ఏడే!" అని పోట్లాడతారు. పోట్లాడనివ్వండి. సంఖ్య మారితే కథ మారుతుందని వాళ్ళకు తెలిసిందని అర్థం.

ఇక కథలోని వరుస. మేము చెప్పుకునే తీరులో చేప, గడ్డిమేటు, ఆవు, పాలేరు, అవ్వ, పిల్లవాడు, చీమ: ప్రశ్న వేయించుకునేవాళ్ళు కూడా ఏడుగురే. పాత క్యాలెండరు అట్టను ఏడు ముక్కలుగా కోసి ఒక్కోదాని మీద ఒక్కో బొమ్మ గీయించండి. బొమ్మ కింద పేరు మీరు రాయండి. ఆవు, అవ్వ, చీమ, చేప అన్నీ చిన్న మాటలే, చదవడానికి మొదటి మాటలుగా బాగా సరిపోతాయి. చీమ, చేప రెండూ చకారంతో మొదలవుతాయని పిల్లే ఒకరోజు పట్టుకుంటుంది. అట్టలను కలిపేసి వరుసగా పేర్చమనండి. "మూడోది ఎవరు? ఆవుకు ముందు ఎవరు? అవ్వకూ చీమకూ మధ్య ఎవరున్నారు?" అని అడగండి. ముందు, వెనక, మధ్య, మొదటి, చివరి అనే మాటలు బొమ్మల పుస్తకంలో చదివి నేర్చుకునేవి కావు, ఇలా చేతులతో జరుపుతూ నేర్చుకునేవి.

ఆరేళ్ళ పిల్లలయితే కథను వెనకనుంచి చెప్పించండి. "చీమ కుట్టింది కాబట్టి పిల్లవాడు ఏడ్చాడు. పిల్లవాడు ఏడ్చాడు కాబట్టి అవ్వ అన్నం పెట్టలేదు." ముందునుంచి వస్తే ప్రతి అడుగూ "ఎందుకు?", వెనకనుంచి వస్తే ప్రతి అడుగూ "కాబట్టి". ఏడు నుంచి ఒకటి వరకు వెనక్కి లెక్కపెట్టలేని పిల్లలు ఈ కథను వెనక్కి చెప్పడంలోనూ తడబడడం నేను చూశాను. రెండూ కలిపి సాధన చేయించండి, అట్టల వెనక అంకెలు వేస్తే ఇంకా సులువు.

పదో రోజుకు పిల్ల చెబుతుండగా మీరు కథ రాయండి, పిల్ల మాటల్లోనే, పిల్ల తప్పులతోనే. ఆ కాగితం గోడకు అంటించి అంకెలున్న చోటల్లా గుండ్రం చుట్టమనండి. తాను చెప్పిన మాటలు కాబట్టి అక్షరాలు పూర్తిగా రాకపోయినా వేలు పెట్టి చదివేస్తుంది.

ఇద్దరు, రెండు, రెండేసి

మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. మనవడు వారం వారం వీడియోలో కనిపిస్తాడు. ఒకసారి, "అమ్మమ్మా, మా క్లాసులో రెండు తెలుగు అమ్మాయిలు ఉన్నారు" అన్నాడు. "అలాగా నాన్నా, ఇద్దరు అమ్మాయిలా! మరి అబ్బాయిలు?" అన్నాను. "నాలుగు" అని ఆగి, "నలుగురు" అన్నాడు. అంతే. తప్పు అని చెప్పాల్సిన పని లేదు, సరైన రూపాన్ని మన జవాబులో వినిపిస్తే చాలు.

మనుషులను ఇద్దరు, ముగ్గురు, నలుగురు అనీ, వస్తువులను రెండు, మూడు, నాలుగు అనీ లెక్కపెట్టే భాష మనది. పిల్లలకు ఇది అదనపు బరువని కొందరు అనుకుంటారు. నేను దాన్ని ఆటగా వాడుకుంటాను. భోజనాల వేళ "ఇంట్లో ఎంతమందిమి? కంచాలు ఎన్ని కావాలి?" అని అడగండి. "ఐదుగురం, ఐదు కంచాలు." చుట్టాలు వస్తే ఇంకా మంచిది. మాట రూపం మారినా లోపలి ఐదు మారలేదని పిల్లకు అర్థమవుతుంది.

రెండేసి, మూడేసి, తలా, చెరి సగం అనే మాటలు గుణకారానికీ భాగహారానికీ తలుపులు. ఎక్కాలు నేర్పడానికి రెండేళ్ళ ముందే ఈ మాటలు పిల్ల నోట్లో ఉండాలి. "పళ్ళెంలో పన్నెండు జంతికలున్నాయి, నలుగురికీ సమానంగా పంచు. తలా ఎన్నేసి వచ్చాయి?" ఇడ్లీ పాత్ర కడిగేటప్పుడు "మూడు ప్లేట్లు, ప్లేటుకు నాలుగేసి గుంటలు, ఎన్ని ఇడ్లీలు పడతాయి?" పిల్ల ఒక్కో గుంట లెక్కపెట్టి చెప్పినా సరే, ఎక్కం అడగకండి.

చప్పట్లు

చదవడానికి సిద్ధం చేయడంలో, లెక్కపెట్టడంలో ఒకే దెబ్బకు పనికొచ్చే ఆట ఇది. మాట చెప్పి అక్షరానికి ఒక చప్పట్టు కొట్టించండి. ఈగ, రెండు. ఏనుగు, మూడు. పులి, రెండు. అరటిపండు, ఐదు. సీతాకోకచిలుక, ఏడు. "ఏనుగు పెద్దదా, సీతాకోకచిలుక పెద్దదా?" అని అడగండి. నవ్వుతారు. "జంతువుల్లో ఏది పెద్దది? మాటల్లో ఏది పొడుగు?" అని విడదీసి అడగండి. నాలుగేళ్ళ పిల్లలు చాలామంది పెద్ద జంతువుకు పెద్ద మాట ఉంటుందనే అనుకుంటారు. మాట వేరు, వస్తువు వేరు అని ఇక్కడ తెలుస్తుంది.

ఇంట్లోవాళ్ళ పేర్లకు చప్పట్లు కొట్టి, ఒక్కో అక్షరానికి ఒక గడి చొప్పున పలక మీద నింపండి. ఎవరి పేరు పొడుగు? ఎవరి పేరుకంటే ఎవరి పేరు ఎన్ని అక్షరాలు ఎక్కువ? లక్ష్మి అనే పేరు దగ్గర ఒత్తుల గందరగోళం వస్తుంది. చెవికి రెండే చప్పట్లు, పలక మీద కూడా రెండే గళ్ళు. ఒత్తు అదే గడిలో కింద కూర్చుంటుందని చూపించండి. ఒత్తులు పాఠంగా వచ్చినప్పుడు అవి ఆ పిల్లకు కొత్తగా ఉండవు.

వంటింట్లో, వాకిట్లో

గుప్పెడు, చారెడు, దోసెడు, చెంచాడు, గ్లాసుడు, బిందెడు. కొలత పేర్లలో ఇంత సంపద ఉంచుకుని ప్లాస్టిక్ కొలత కప్పులు కొనుక్కొచ్చేవాళ్ళను చూస్తే నాకు చిరాకు. ఒక గిన్నె పెట్టి, "ఇది నిండాలంటే నీ గుప్పెళ్ళు ఎన్ని బియ్యం పట్టవచ్చు?" అని అడగండి. ముందు అంచనా చెప్పించి రాసి ఉంచండి. తరువాత పోయించండి. అప్పుడు మీ గుప్పెళ్ళతో పోయండి. కాగితం మీద "నేను – 11, అమ్మమ్మ – 6" అని పిల్ల చేతనే రాయించండి. పెద్ద చేతికి తక్కువ సంఖ్య ఎందుకు వచ్చిందో చెప్పమనండి. "నీ చెయ్యి పెద్దది కాబట్టి తక్కువసార్లు పోస్తే నిండింది" అన్న వాక్యం ఒక్కరోజులో రాదు. వచ్చిన రోజున ఆ పిల్లకు కొలత అంటే ఏమిటో తెలిసినట్టే. అటక మీద పాత గిద్ద, సోల ఉంటే దించండి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ. నీళ్ళతో ఆడితే ఎవరికీ నష్టం లేదు.

వాకిట్లో ముగ్గు ఉంది. "5 చుక్కలు, సందు చుక్క, 3 వరకు" అని పత్రికల్లో ముగ్గు కింద వేస్తారు. పిల్ల చదివి పని చేయగల మొదటి సూచన అదే. నడుమ వరుసలో ఐదు, పైకీ కిందికీ నాలుగు, మూడు. మొత్తం పందొమ్మిది చుక్కలు. అదే సరి చుక్కతో, అంటే సందులో కాక చుక్కకు ఎదురుగా చుక్క పెడుతూ, ఐదు, మూడు, ఒకటి వరకు పెడితే పదమూడే. ఎందుకు తగ్గాయో వరుసలు పక్కపక్కన రాసి చూడమనండి. ముగ్గు అబ్బాయిలకు కూడా నేర్పండి, వాళ్ళ చేతులేమీ అరిగిపోవు.

అష్టాచెమ్మా గురించి ఒక్క సూచన. నాలుగు గవ్వల్లో వెల్లకిలా పడినవాటిని లెక్కపెడతాం. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. కాయ జరపకముందు నోటితో చెప్పి తీరాలని నియమం పెట్టండి: "నాకు మూడు పడ్డాయి. ఈ కాయ రెండు గళ్ళు వెళితే నీ కాయను చంపవచ్చు, కాని మూడు పడ్డాయి కాబట్టి వేరే కాయ జరుపుతాను." మాటలేని ఆట ఆటే గాని పాఠం కాదు. గవ్వలు లేకపోతే చింతగింజలను ఒకవైపు తెల్లగా అరగదీసుకోండి.

సంఖ్యల పేర్లు

ఇరవై తొమ్మిది తరువాత "ఇరవై పది" అన్న పిల్లను దిద్దేముందు మెచ్చుకోండి. నియమం పట్టుకుంది. చీపురుపుల్లలు పదేసి చొప్పున రబ్బరుబ్యాండు వేసి కట్టలు కట్టి, ఇరవై పది పుల్లలు తీయమనండి. మూడు కట్టలు వస్తాయి. మూడు కట్టలకు ముప్పై అని పేరుందని అప్పుడు చెప్పండి.

కష్టమంతా పదకొండు నుంచి పంతొమ్మిది వరకే. పదమూడులో పదీ మూడూ వినిపిస్తాయి, పన్నెండులో రెండు దాక్కుంది. ఇక్కడ నిదానంగా వెళ్ళండి. ఇరవై దాటాక మాట విన్నట్టే రాయవచ్చు. ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లకు కూడా అంకెలు రాయడం తెలుగులో చెప్పి నేర్పమంటాను. ఫోర్టీన్ అన్నప్పుడు నాలుగు ముందు వినిపిస్తుంది, పిల్ల 41 రాస్తుంది. పద్నాలుగులో పది ముందు వస్తుంది, 14 అని ఎడమనుంచి కుడికి రాయడానికి అది సరిపోతుంది. తెలుగు పేర్లు రాని పిల్లలు కొట్టుకు వెళ్ళినప్పుడు కొట్టతను "నలభై ఐదు ఇవ్వు బాబూ" అంటే తెల్లమొహం వేస్తారు. రెండు భాషల్లోనూ పేర్లు రావాలి, ఒకే కట్టల ముందు కూర్చోబెట్టి రెండూ చెప్పించండి.

ఇరవై, అరవై చెవికి దగ్గరగా ఉంటాయి. ఎనభై, తొంభై కూడా. ఈ జంటలను కాగితం ముక్కల మీద రాసి మీరు పలికితే ఎత్తి చూపమనండి.

గుర్తుమాటల జబ్బు

"మొత్తం అంటే కూడిక, మిగిలినవి అంటే తీసివేత" అని నేర్పడం మన బడుల్లో పాత అలవాటు. మానేయండి. "రాధ రెండు లడ్డూలు తిన్నది. ఇంకా మూడు మిగిలాయి. ముందు ఎన్ని ఉండేవి?" ఇందులో మిగలడం ఉంది, చేయాల్సింది కూడిక. గుర్తుమాట కోసం వెతికే పిల్ల ఒకటి అంటుంది. కథ విన్న పిల్ల ఐదు అంటుంది.

దీనికి మందు తిరగేసి అడగడమే. పలక మీద 5 – 2 అని రాసి దానికి కథ చెప్పమనండి. ఐదు కోతులు, రెండు పారిపోయాయి. ఐదు ఇడ్లీలు, రెండు నేను తిన్నాను. అక్కకు ఐదు రిబ్బన్లు, నాకు రెండే, అక్కకు ఎన్ని ఎక్కువ? ఈ మూడోది చెప్పిన పిల్లను వదలకండి. మొదటి రెండింటిలో ఏదో పోయింది, ఇందులో ఏదీ పోలేదు, అయినా అదే తీసివేత. ఆ కథను రాసి పెట్టుకుని, మర్నాడు తమ్ముడికో పక్కింటి పిల్లకో చదివి వినిపించి, జవాబు ఎలా వచ్చిందో అడిగే పని ఆ పిల్లకే అప్పగించండి.

ఇవన్నీ ఒకే రోజు పెట్టకండి. పూటకు పది, పదిహేను నిమిషాలు చాలు. పిల్ల లేచి వెళ్ళిపోతే వెళ్ళనివ్వండి. కాని గింజలు మాత్రం లెక్కపెట్టి డబ్బాలో వేసి వెళ్ళమనండి. ఒకటి తగ్గితే మంచం కింద చూడమనండి.